మగ్గం కాలు అనుకున్న నాలుగు రోజులు

నేను నేతకు కూర్చున్న ఆరో రోజు సాయంత్రం మా ఇంటి మగ్గం గదిలో ఉన్నవాళ్ళు: నేను, మా నాయన, మా అమ్మ, అమ్మ తమ్ముడు గోవిందు మామ. ఉన్న వస్తువులు: గుంట మగ్గం ఒకటి, దాని మీద సగం నేసిన లుంగీ పడుగు, గిన్నెలో వెచ్చచేసిన నువ్వుల నూనె, గుడ్డలో మూటకట్టిన రాళ్ళ ఉప్పు, నాయన కంట్లో వేసే చుక్కల మందు, టేబుల్ ఫ్యాన్ ఒకటి. మామ ఒళ్ళో నా ఎడమ కాలు.

"ఓర్చుకో అల్లుడా," అన్నాడు మామ, రెండు బొటనవేళ్ళూ పిక్కలోకి దించి. "ఫ్యాక్టరీలో స్కేలు పట్టుకోని నిలబడిన కాళ్ళు. మగ్గం తొక్కితే ఏడవక ఏం చేస్తాయి?"

నాయన మంచం మీద నుంచి నవ్వినాడు. కంటి ఆపరేషన్ అయి వారం. ఎడమ కంటికి పచ్చ అద్దం, కుడి కన్ను నా కాలి మీద. "మగ్గం కాలు రా. నాకు పద్నాలుగేళ్ళప్పుడు వచ్చింది. నీకు ఇరవై ఆరుకు వచ్చింది. ఇప్పుడు మా వాడివైనావు."

అరవకుండా పళ్ళు బిగించినాను. నిజం చెప్పాలంటే ఆ మాటకు సంతోషమే అయింది.

తిరుత్తణికి ఏడు కిలోమీటర్ల దూరంలో మా ఊరు. మా వీధి అంతా నేత ఇళ్ళే. గుంటలో కాళ్ళు దించి, కింద ఉన్న రెండు తొక్కుడు చెక్కలను ఒకటి మార్చి ఒకటి తొక్కుతూ నేస్తాం. కొత్తగా కూర్చున్నవాళ్ళకూ, చానాళ్ళకు మళ్ళీ కూర్చున్నవాళ్ళకూ పిక్కలు పట్టేస్తాయి. మా వీధిలో పిక్క నొప్పికి ఇంకో కారణం ఉండదు. దాని పేరు మగ్గం కాలు. వైద్యం మూడు మెట్లు: నూనె పెట్టి గట్టిగా రుద్దడం, ఉప్పు కాపడం, మళ్ళీ పోయి తొక్కడం. వారంలో పోతుంది. ఎవరూ డాక్టరు దగ్గరికి పోరు.

నేను తిరువళ్ళూరులో గది తీసుకొని ఉంటాను. మెకానికల్ డిప్లొమా. విడిభాగాలు చేసే ఫ్యాక్టరీలో క్వాలిటీ సెక్షన్. వచ్చిన ప్రతి ముక్కనూ తప్పుగా ఉందనే అనుకొని కొలవడం మొదలుపెట్టడమే నా పని. సరిగా ఉందని ముక్క నాకు నిరూపించాలి. ఆ అలవాటు గేటు దగ్గర వదిలి రాలేను. హోటల్లో ఇడ్లీ వేడిగా వస్తే మళ్ళీ ఆవిరి పెట్టినారేమో అనుకుంటాను. ఇది రాస్తున్నది కూడా సగం నా అలవాటును నేనే తనిఖీ చేసుకోవడానికి. మిగతా సగం, పిక్క నొప్పికి ఒకే పేరు ఉన్న ఇళ్ళవాళ్ళ కోసం.

మొదటి రోజు నుంచి ఆరో రోజు వరకు

నాయన కంటికి ఆపరేషన్ కావడంతో పడుగు మగ్గం మీద ఆగిపోయింది. ఆడి మాసం తగ్గింపు అమ్మకాలకు సరుకు పోవాలి. పది రోజులు సెలవు పెట్టి నేనొచ్చినాను. నాలుగు రోజులు బాగా నేసినాను. ఐదో రోజు పొద్దున ఎడమ పిక్కలో ఎవరో లోపలి నుంచి తాడు బిగిస్తున్నట్టు అనిపించింది. ఆరో రోజుకు మడమ నేలకు ఆనించలేకపోయినాను. ఆ సాయంత్రమే మామ రుద్దింది.

ఏడో రోజు లేచేసరికి పిక్క నున్నగా మెరుస్తోంది. చెయ్యి పెడితే కుడి కాలి కంటే వేడి. "రుద్దినాం గదా, రక్తం ఆడతా వుండాది," అన్నాడు మామ. అమ్మకు నచ్చలేదు. "ఒక తూరి చూపించుకో. పోయేదేముండాది?" అని ఆటో పిలిపించింది.

ఏడో రోజు, తిరుత్తణి

చిన్న క్లినిక్. బెంచీలు మూడు, జనం పదకొండు మంది, ఫ్యాన్ రెండు, తిరిగేది ఒకటి. డాక్టరమ్మకు యాభై ఏళ్ళుంటాయి. తమిళంలోనే మాట్లాడింది. వేలితో నొక్కి చూసి, సొరుగులో నుంచి టైలరు టేపు తీసి రెండు కాళ్ళూ కొలిచింది. కాగితం మీద రాసింది: ఎడమ 38.5, కుడి 35.

"ఈ మధ్య ఎక్కువ రోజులు పడుకోని వుండినావా? ఆపరేషన్ ఏమన్నా? కట్టు ఏమన్నా కట్టినారా?"

"లేదు మేడం."

"ఛాతీలో నొప్పి? ఊపిరి ఆడకపోవడం?"

"లేదు."

రెండో జవాబు నిజం. మొదటిది అబద్ధం. రెండు నెలల కిందట తిరువళ్ళూరులో వాన తడిలో బండి జారి పడినాను. ఎడమ చీలమండ బెణికింది. మూడు వారాలు మోకాలి కింది దాకా పిండికట్టు. గదిలో కుర్చీ మీద కాలు చాపుకొని కూర్చున్నాను. ఇంట్లో చెప్పలేదు. చెబితే అమ్మ బండి అమ్మేయమంటుంది, నాయన ఆపరేషన్ వాయిదా వేస్తాడు. ఇప్పుడు పక్కనే అమ్మ ఉంది. పైగా అడుగుతున్నది పిక్క గురించి, నాకు బెణికింది చీలమండ. సంబంధం లేని వివరం ఎందుకని వదిలేసినాను. ఇంకో ఆలోచన కూడా ఉండింది: ఈమె ఇన్ని ప్రశ్నలు వేసేది ఏదో ఒక కారణం పట్టుకొని స్కాన్ రాయడానికే.

రాసింది కూడా. "రక్తనాళాల స్కాన్. ఇక్కడ చేసే ఆయన ఆడి కృత్తిక పండగకు సెలవు. తిరువళ్ళూరు పో. ఈరోజే పో. కాలు రుద్దకూడదు."

కాగితం అడుగున తిరువళ్ళూరులోని ఒక స్కాన్ సెంటర్ పేరు అచ్చులో ఉంది. రాసిన చెయ్యి ఈమెది, పంపిన చోటు కాగితం మీదే ఉంది. కమీషన్ కోసమే ఇదంతా, నాకు అర్థమైపోయింది అనుకున్నాను.

ఏడో రోజు మధ్యాహ్నం, ఎనిమిదో రోజు

ఇంటికొచ్చి నేనే కొలిచినాను. గోడకు ఆనుకొని నిలబడి, నేల నుంచి ఇరవై ఐదు సెంటీమీటర్ల ఎత్తులో రెండు కాళ్ళ మీద పెన్నుతో గీత పెట్టి, అక్కడ టేపు చుట్టినాను. ఫ్యాక్టరీలో మేం ఎప్పుడూ చదునైన రాతిబల్ల మీద పెట్టే కొలుస్తాం. బల్లే ఆధారం. ఇక్కడ నేల. ఎడమ 34.5. కుడి 34. తేడా అర సెంటీమీటరు. డాక్టరమ్మ రాసింది మూడున్నర.

మూడుసార్లు కొలిచినాను. మూడుసార్లూ అదే. ఒకే కొలత మూడుసార్లు వస్తే అది సరైనదని నమ్మేవాణ్ణి.

"తప్పుగా రాసింది మా," అన్నాను అమ్మతో. "స్కానుకు పంపాలని."

"అట్ల గూడా చేస్తారా?"

"ఎందుకు చెయ్యరు?"

ఎనిమిదో రోజు మళ్ళీ మగ్గంలో కూర్చున్నాను. డాక్టరమ్మ మీద కోపంతో కూర్చున్నానని ఇప్పుడు ఒప్పుకుంటాను. రెండు జానలు నేసేసరికి చెమటలు పట్టినాయి. కాలు బయటికి తీసేటప్పుడు రెండు చేతులతో ఎత్తాల్సి వచ్చింది. నాయన చూస్తూనే ఉన్నాడు.

"రేయ్, కుడి కాలు నొయ్యలేదా?"

"లేదు నాయనా."

"ఏమాత్రమూ?"

"లేదు."

"మగ్గం కాలు రెండు కాళ్ళకూ గదరా వస్తాది. ముందే యాల చెప్పలేదు?"

"మీరు అడగలేదు."

"నువ్వు చెప్పలేదు గాబట్టి అడగలేదు." టేపు నా చేతికిచ్చినాడు. "ఆయమ్మ తప్పుగా కొలిచింది అంటివి గదా. నువ్వు ఎట్ల కొలిచినావో చూపించు."

గోడకు ఆనుకొని నిలబడినాను. నాయన మంచం దిగి కింద కూర్చున్నాడు. తలకాయ వంచకూడదని కంటి డాక్టరు చెప్పినాడు కాబట్టి మెడ నిటారుగా పెట్టి, ఒక్క కన్ను కిందికి తిప్పి, నా పాదాల వైపు చూసినాడు. నలభై ఏళ్ళు పోగులు లెక్కపెట్టిన కన్ను.

"కుడి మడమ నేల మీద వుండాది. ఎడమ మడమ యాడ వుండాది?"

వంగి చూసినాను. వేళ్ళ మీద నిలబడి ఉన్నాను. మడమ నేల నుంచి నాలుగు వేళ్ళ పైన ఉంది.

"దించు."

"దించలేను. నొప్పి."

"మరి కొలత యాడ నుంచి పెట్టినావు?"

నేల మారలేదు. నా కాలు పైకి లేచింది. నేల నుంచి ఇరవై ఐదు అంటే కుడి కాలికి పిక్క దగ్గర పడింది, ఎడమ కాలికి పిక్క దిగిపోయి సన్నబడే చోట పడింది. లావుగా ఉన్న చోటును ఒక కాలి మీద, సన్నగా ఉన్న చోటును ఇంకో కాలి మీద కొలిచి రెండూ ఒకటే అన్నాను. మొదటి వారం చేరిన ట్రైనీ ఈ పని చేసి ఉంటే షాప్‌ఫ్లోర్ అంతా వినపడేలా తిట్టేవాణ్ణి.

డాక్టరమ్మ కాగితం మళ్ళీ తీసినాను. అంకెల పక్కన చిన్న అక్షరాలతో రాసి ఉంది: మోకాలి కింది ఎముక బొడిపె నుంచి పది సెంటీమీటర్లు కిందికి. నేను దాన్ని చదవనే లేదు. అడుగున అచ్చయిన పేరు మాత్రం చదివినాను.

ఆ బొడిపెను ఎవరైనా పట్టుకోవచ్చు. మోకాటి చిప్ప మీద నుంచి వేలు నిటారుగా కిందికి జారిస్తే, కాలి ముందు ఎముక మొదలయ్యే చోట గట్టిగా తగులుతుంది. ఎంత వాచినా అది కదలదు. నాయన టేపు మొదలు అక్కడ పట్టుకున్నాడు. నేను గీత పెట్టి చుట్టినాను. కుడి 35. ఎడమ 39. ఒక్క రోజులో ఇంకో అర సెంటీమీటరు.

నాయన టేపు వదలలేదు. "ఇది మగ్గం కాలు గాదు," అన్నాడు.

అప్పటికి మా ఊరి సాయంత్రం బస్సులు పోయినాయి. మర్నాడు పొద్దునే బయలుదేరాలని అనుకున్నాం. అది కూడా తప్పే. అడిగి ఏదో ఒక కారు తీసుకొని ఆ క్షణమే పోవాల్సింది.

తొమ్మిదో రోజు

ఆడి కృత్తిక, కొండ మీది స్వామి పండగ. తిరుత్తణి పట్టణమంతా పసుపు బట్టలు, కావళ్ళు. నేనూ అమ్మా ఎక్కిన ఆటోను ఊరి మొదట్లోనే ఆపేసినారు. స్టేషన్ ఇంకా ఒకటిన్నర కిలోమీటరు. మజ్జిగ పోస్తున్న పందిట్లో వాళ్ళు నన్ను చూసి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టినారు. నలుగురు ఎత్తుకున్నారు. వీళ్ళకు ఏం కావాలి అని దారి పొడుగునా చూస్తూ పోయినాను. స్టేషన్‌లో దించి, "కుర్చీ ఇచ్చెయ్యి తంబీ" అన్నారు. అంతే కావాల్సింది.

తిరువళ్ళూరులో డాక్టరమ్మ కాగితం మీద ఉన్న సెంటర్‌కు పోలేదు. వేరే ఆస్పత్రికి పోయినాను. అనుమానం అప్పటికీ పోలేదు. రెండు వేర్వేరు చోట్ల ఒకే జవాబు వస్తేనే జవాబు.

టోకెన్ పదిహేడు. పిలుస్తున్నది ఆరు. పక్కన పాండూరు నుంచి వచ్చిన పెద్దాయన ఒకరు, కాళ్ళ దగ్గర గోతం.

"ఏమప్పా, కాలా?"

"అవునయ్యా. పిక్క."

"నాకు మోకాలు. మూడో తూరి వస్తా వుండా. వచ్చినప్పుడల్లా అరిగిపోయింది అంటారు. అరిగేది నాకు తెలీదా?" గోతం నా వైపు జరిపినాడు. "దీని మీద పెట్టు."

"ఏముందయ్యా లోపల?"

"వంకాయలు. కూతురింటికి. నలిగితే నలగనీ, పులుసులో ఎట్లా నలగాల్సినవే."

వంకాయల మీద కాలు పెట్టుకొని ఫోన్‌లో చదివినాను. అంతకుముందు చదవాల్సింది అప్పుడు చదివినాను. కాలిలో ఎముకలు నాకు తెలుసు: తొడ ఎముక ఒకటి, మోకాటి చిప్ప ఒకటి, దాని కింద లావుది ఒకటి, సన్నది ఒకటి, పాదంలో ఇరవై ఆరు. ఎముకలను ఫ్రేము అనుకుంటే అంతా అర్థమైనట్టే ఉండేది. పైపులైను సంగతి ఎప్పుడూ ఆలోచించలేదు. గుండె రక్తాన్ని కిందికి తోస్తుంది. పైకి తోసే పని చాలావరకు పిక్కది. పిక్కలో రెండు పొరల కండ ఉంది. పైది రెండు పాయలు, లోపలిది బల్లపరుపు. రెండూ కలిసి కింద మడమకు ఒకే తాడుగా అంటుకుంటాయి. వాటి మధ్యలో లోతుగా రక్తనాళాలు. నడిచినప్పుడల్లా కండ బిగిసి నాళాన్ని పిండుతుంది. నాళాల లోపల ఒకవైపే తెరుచుకునే తలుపులు ఉంటాయి కాబట్టి రక్తం వెనక్కి జారదు. ఇలాంటి వాల్వులు నేను వందల కొద్దీ తనిఖీ చేసినాను. నా కాలిలో ఉన్నాయని తెలీదు.

చీలమండ కదలకుండా కడితే పిక్క బిగియదు. పిక్క బిగియకపోతే రక్తం నిలుస్తుంది. నిలిచిన రక్తం గడ్డకట్టవచ్చు. ఆ గడ్డ ఊడితే పోయేది ఊపిరితిత్తులకు.

కట్టు చీలమండకే కట్టినారు. డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న అదే.

అక్కడి నుంచి ఊపిరి లెక్కపెట్టడం మొదలుపెట్టినాను. నిమిషానికి పద్దెనిమిది. భయం వల్లనా, గడ్డ వల్లనా తెలీదు. పెద్దాయన ఏదో చెబుతున్నాడు, నేను లెక్క తప్పకుండా తల ఊపుతున్నాను.

స్కాన్ చేసిన యువ డాక్టరు తొడ దగ్గర నుంచి కిందికి నొక్కుతూ వచ్చినాడు. నేను స్క్రీన్ మీద నుంచి కళ్ళు తీయలేదు. "చూస్తుండు," అన్నాడు. "నొక్కితే నాళం అణిగిపోవాలి." తొడ దగ్గర అణిగింది. మోకాలి వెనక అణిగింది. పిక్క లోపల నల్లటి గుండ్రం ఒకటి నొక్కినా అలాగే నిలబడింది. ఇంకోసారి నొక్కమన్నాను. నొక్కినాడు. అణగలేదు. అది చూసినాక ఎవరినీ ఏమీ అడగాలనిపించలేదు.

"ఈ కాలికి కట్టు ఏమన్నా కట్టినారా ఈ మధ్య?"

"మూడు వారాలు," అన్నాను. తలుపు దగ్గర అమ్మ నిలబడి ఉంది.

"ఏం కట్టు?" అంది అమ్మ. డాక్టరు నా వైపు చూసినాడు. నేను స్క్రీన్ వైపు చూసినాను.

వార్డులో ఐదు రోజులు

అమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. టిఫిన్ డబ్బా పెట్టేది, తీసేది, కాలి కింద దిండు సరిచేసేది. మూడో రోజు ఒక్క మాట అంది. "రోజూ ఫోన్లో బాగుండానమ్మా అని చెప్పినావు. ఆ గొంతు నేను నమ్మినా."

ఊరంతటినీ అనుమానించినాను. ఈ కథలో దాచిపెట్టింది ఎవరని చూస్తే నేనొక్కడినే.

అయినా అలవాటు పోలేదు. పొట్టకు వేసే ఇంజెక్షన్ల మీద బ్యాచ్ నంబరు చదివేవాణ్ణి. నర్సు గమనించింది. "ఏం తంబీ, నేను మందు వేస్తున్నానా, నువ్వు వచ్చిన సరుకు దించుకుంటున్నావా?" అని నవ్వి, రెండో రోజు నుంచి వేసే ముందు తనే చదివి వినిపించేది. నమ్మకం లేనివాడి మీద కోపం తెచ్చుకోకపోవడం కూడా ఒక వైద్యమే. అది నాకు ఆమె దగ్గర దొరికింది.

నాలుగో రోజు గోవిందు మామ వచ్చినాడు. మంచానికి దూరంగా నిలబడినాడు.

"రుద్దితే ఊడి పైకి పోయేదంట గదా. నిజమా?"

"పోయుండచ్చు మామా. పోలేదు."

"ఎన్ని కాళ్ళు రుద్దినానో అల్లుడా." చేతులు లుంగీకి తుడుచుకున్నాడు, నూనె ఏమీ లేకపోయినా. "అందరికీ మంచే జరిగిందో లేదో, ఎవరు చెప్తారు ఇప్పుడు?"

ఊరడించడానికి ఏమైనా చెప్పచ్చు. నాకు తెలియని దాన్ని చెప్పలేకపోయినాను. "నీకు కట్టు సంగతి చెప్పింటే నువ్వు రుద్దేవాడివి కాదు," అన్నాను. అది మాత్రం నిజం.

తర్వాత మూడు నెలలు

రోజూ మాత్రలు. మోకాలి దాకా వచ్చే బిగుతు సాక్సు. గంటకోసారి లేచి నడవడం. పొద్దున ఎనిమిదికి అమ్మ ఫోన్.

"మాత్ర?"

"వేసుకున్నా."

"మాత్రల పట్టీ ఫోటో పంపు."

పంపేవాణ్ణి. ఖాళీ అయిన గుంతలు ఆమె లెక్కపెట్టేది. ఒకసారి ఫోటో పాతదని కనిపెట్టింది కూడా, కిటికీ వెలుతురు చూసి. మా ఇంట్లో తనిఖీ అధికారం చేతులు మారింది.

తిరుత్తణి డాక్టరమ్మ దగ్గరికి పోయి జరిగిందంతా చెప్పినాను, నేల నుంచి కొలిచింది, కాగితం అడుగున పేరు చూసి పోకపోవడం, అంతా. ఆమె కాగితం తిప్పి చూసుకుంది. "వాళ్ళు ఊరికే అచ్చేసి ఇస్తారు, రాసుకుంటాను," అంది. ఇది నిజమో కాదో నాకు ఇప్పటికీ తెలీదు. సగం నమ్మినాను. కానీ ఆమె టేపు పెట్టిన చోటు సరైనది, అడిగిన ప్రశ్న సరైనది. వాటిని అనుమానించడానికి నా దగ్గర ఉన్నది ఆ అచ్చు పేరు తప్ప ఇంకేమీ లేదు. మూడో నెల చివర మళ్ళీ స్కాన్ చేసినారు. నొక్కితే నాళం అణిగింది, పూర్తిగా కాదు, చాలినంత. మాత్రలు ఆపమన్నారు. నిలబడితే సాయంత్రానికి కాలు ఇంకా కాస్త బరువెక్కుతుంది.

నేను డాక్టరును కాను. చెప్పేది ఇంతే. ఒక్క పిక్కే నొచ్చి, అదే వాచి, వేడిగా ఉంటే రుద్దవద్దు. అదే రోజు చూపించుకోండి. అడిగినవాటికి నిజం చెప్పండి, పక్కన ఎవరున్నా సరే. ఊపిరి ఆడకపోతే, ఛాతీలో నొప్పి వస్తే ఒక్క నిమిషం కూడా ఆగొద్దు.

శని ఆదివారాలు ఊరికి పోయినప్పుడు టేపు, పెన్ను తీసుకుపోతాను. మగ్గం కాలు అని ఎవరన్నా అంటే గోవిందు మామ రుద్దడు, నన్ను పిలుస్తాడు. మొదట్లో నవ్వినారు. "ఏమప్పా, కాళ్ళకు ప్యాంట్లు కుడతావా?" అని ఒక అక్క అడిగింది. అయినా కాలు చాపింది. బొడిపె నుంచి పది సెంటీమీటర్లు, రెండు కాళ్ళూ, మడమ నేల మీద ఉన్నా లేకపోయినా. ఒకాయనకు తేడా రెండున్నర వచ్చింది. ఆ పూటే స్కానుకు తీసుకుపోయినాం. గడ్డ లేదు, కండ చిట్లింది అన్నారు. వృథాగా తిప్పినానని ఆయన ఇంకా గొణుగుతున్నాడు. గొణగనీ.

ఇప్పటికి కొలిచినవి ముప్పై ఎనిమిది కాళ్ళు.